తడి ఆరేలోగా

టీచరమ్మ పోయిందన్న వార్త నాకు ఫోనులో వచ్చింది. పంపినవాడు ఆదోనిలో మా చర్చి కమిటీకి ఇప్పటి అధ్యక్షుడు. రెండు చేతులు జోడించిన బొమ్మ, వెలుగుతున్న కొవ్వొత్తి, ఆమె పాత ఫోటో చుట్టూ గులాబీలు, కింద "మా సంఘ మాణిక్యం మహిమలోకి పిలువబడినది" అని పెద్ద అక్షరాలు. చదివి నాకు ఒళ్లు మండింది. ఆ మాణిక్యాన్ని శ్రమదినాల నడుమ చర్చి నుంచి వెళ్లగొట్టిన కమిటీలో ఇతని తండ్రి ఒకడు, మా నాయన ఇంకొకడు. గులాబీలు అతికించే తీరిక ఉన్నవాడికి ఆ సంగతి కనుక్కునే తీరిక దొరకలేదు కాబోలు.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకది చేతకాదు, చదివేవాళ్లు మన్నించాలి. ఆమెకూ మెత్తగా మాట్లాడడం చేతనయ్యేది కాదు.

నిజానికి ఆమె జీతం తీసుకునే టీచరు కాదు. డెబ్బైల చివర ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోయేది. పొద్దున సైరను నుంచి సాయంత్రం సైరను దాకా పుచ్చు పత్తి, ఆకు నలుసులు ఏరడమే పని. సాయంత్రం తలలో దూదితోనే వచ్చి మాకు పాటలు, ప్రార్థన నేర్పేది. టీచరమ్మ అని పేరు పెట్టింది పిల్లలం. పెద్దలకు అది గిట్టేది కాదు. "పత్తి ఏరే మనిషికి టీచరమ్మని పేరా" అని మా నాయన మా అమ్మతో అనడం నేను విన్నాను. ఆయన అదే మిల్లులో గుమాస్తా, చర్చిలో పెద్ద. మా ఇంట్లో ఇస్త్రీ బట్టలు ఆయనొక్కడికే ఉండేవి.

ఈస్టరుకు ముందొచ్చే నలభై శ్రమదినాలూ మా ఊళ్లో ఎండలు ముదిరే రోజులు. బోరింగు దగ్గర బిందెల వరస, చర్చిలో చాపల మీద పిల్లల వరస. ఆ రోజుల్లో పిల్లలకు భక్తి నేర్పాలని కమిటీవాళ్లు ఏటా తీర్మానం చేసేవాళ్లు. వాళ్లకు తెలిసిన భక్తి కదలకుండా కూర్చోవడం ఒక్కటే. దానికోసం ఒక పెద్దమనిషి మా వెనకాల బెత్తం పట్టుకుని నిలబడేవాడు, నిలబడే కునికేవాడు. మా నాయన ప్రార్థన మొదలుపెడితే మా కాళ్లు తిమ్మిరెక్కేవి. ఇంట్లో "ఏమే, నీళ్లు" తప్ప ఇంకో మాట రాని మనిషి, అక్కడ మాత్రం సమాసాలు లేకుండా నోరు విప్పేవాడు కాదు. ఓసారి బయటికొచ్చాక టీచరమ్మ చెప్పులు వేసుకుంటూ నాతో అంది, "మీ నాయన దేవునికి అర్జీ రాస్తాండాడే. దేవుడేమన్నా తాసిల్దారా?"

ఆమెకు నోరు ఎక్కువే. మిల్లు మేస్త్రీని, కమిటీని, కొత్త చీర కట్టుకొచ్చి ముందు చాప కోసం కొట్లాడే ఆడవాళ్లను, ఎవర్నీ వదిలేది కాదు. కానీ గడప దాటితే ఇంకో మనిషి. కొంగుతో తలలో దూది దులుపుకుని, ముసుగేసుకుని, ద్వారబంధం మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాత లోపల ఆమె గొంతు మాకే సరిగ్గా వినపడేది కాదు. ఒకసారి ఒక పిల్లోడు ప్రార్థనలో "సామీ, మా మేక కనపళ్లే, రోంత సూడు" అన్నాడు. అందరం కిసుక్కుమన్నాం. ఆమె నవ్వలేదు. ప్రార్థన అయ్యాక, "వాడు దేవునితో మాట్లాడినాడు. మధ్యలో మీకేం పనే?" అంది. కళ్లు ఎందుకు మూసుకోవాలని నేను అడిగితే, "దేవున్ని చూసేకి గాదు. పక్కనామె చీర చూడకుండా ఉండేకి" అంది.

ఇంత నోరున్న మనిషి లోపల అంత నెమ్మదిగా ఎట్లా ఉండేదో చెప్పాలంటే, గోడ సంగతి చెప్పాలి.

చర్చి పక్కన సున్నం కొట్టిన రాతి గోడ ఉండేది. శ్రమదినాల శుక్రవారాల్లో టీచరమ్మ మిల్లు నుంచి వస్తూ బోరింగు దగ్గర బిందె నింపి, చంకనెత్తుకుని తెచ్చి ఆ గోడ కింద పెట్టేది. పక్కన అంచు నొక్కుకుపోయిన సత్తు గ్లాసు. మేమంతా దూరంగా గంట స్తంభం దగ్గర నిలబడాలి. ఒక్కొక్కరే గోడ దగ్గరికి పోయి, ఎవరి మీద ఎంత కోపముంటే అంత, గోడకు వినపడేట్టు చెప్పాలి. తర్వాత అర గ్లాసు నీళ్లతో నోరు పుక్కిలించి, అక్కడే ఉమ్మి, చర్చిలోకి పోవాలి.

"చెప్పులు యాడ ఇడుస్తారు? బయటనే గదా. తిట్లు గూడా ఆడనే ఇడిసి రాండి. నోట్లో పెట్టుకోని లోపలికొస్తే ప్రార్థన యాడ పడతాది?" అనేది.

ఇంకో నియమం కూడా ఉండేది. ఉమ్మిన చోట తడి ఆరేలోగా లోపలికి పోవాలి. ఆరిందాకా నిలబడితే కోపం మళ్లీ నోట్లోకొస్తుందని చెప్పేది. ఆదోని ఎండకు ఆ తడి ఎంతసేపు ఉంటుంది చెప్పండి. ఉమ్మి, చెప్పులు విడిచి, పరుగున పోయేవాళ్లం. అట్లా పోయి కూర్చుంటే, నిజం చెబుతున్నా, కాసేపు లోపలంతా ఖాళీగా, చల్లగా ఉండేది. బెత్తం పట్టుకున్నాయన మాకు ఏనాడూ ఇవ్వలేనిది అదే.

అందరికంటే ముందు ఆమే గోడ దగ్గరికి పోయేది. "ఆ మేస్త్రీ మొగం మన్నుగాను" అని మొదలయ్యేది. తర్వాతి మాటలు రాయను, అచ్చులో పడేవి కావు.

నాకు తొమ్మిదేళ్లప్పటి శ్రమదినాలు. శుక్రవారం ఉపవాసం. పొద్దున ఆకలికాగలేక డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. మా నాయన చూసి చెంప పగలగొట్టాడు. "నలభై దినాలు నోరు కట్టుకోలేవా?" అన్నాడు. మధ్యాహ్నం బడి నుంచి వస్తూంటే, బస్టాండు దగ్గర హోటల్లో, లోపలి బల్ల మీద, ఆ ఇస్త్రీ చొక్కా కనబడింది. ముందర బొరుగుల ఉగ్గాని, నాలుగు బజ్జీలు. ఆయన నన్ను చూడలేదు. బజ్జీని ఎంత భక్తిగా తింటున్నాడో, అంత భక్తి నేను ఆయన ప్రార్థనలో ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం నా వంతు రాగానే గోడ దగ్గరికి పోయి గట్టిగానే చెప్పాను. "మా నాయన దొంగ ఉపాసమోడు. నన్ను బెల్లం ముక్కకు కొట్టి, ఆయప్ప ఉగ్గాని బజ్జీ తిన్న్యాడు. ఆయప్ప ప్రార్థన గూడా దొంగదే."

గోడ దగ్గింది.

గోడకు అవతల, నీడలో కూర్చుని, కమిటీవాళ్లు ముగ్గురు బీడీలు తాగుతున్నారు. శ్రమదినాల్లో బీడీ మానేశామని సంఘం ముందు నిలబడి మాటిచ్చినవాళ్లే. ముందు పొగ లేచింది, దాని వెనకాల మా నాయన తలకాయ లేచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందర్నీ చాపల మీద కూర్చోబెట్టారు. బీడీల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉగ్గాని సంగతి అసలే ఎత్తలేదు. పిల్లలకు బూతులు నేర్పడం, దేవుని స్థలంలో తిట్లు తిట్టించడం, కరువు రోజుల్లో నీళ్లు పారబోయడం, ఇవీ వాళ్లు చదివిన నేరాలు. ప్రతి నేరానికీ తలలూపారు. మా నాయన నన్ను లేపి ముందర నిలబెట్టాడు.

"ఆ మాటలు నీ అంతట నువ్వే అన్న్యావా, ఎవరన్నా నేర్పినారా?"

నేను ఆయన మొహం చూడలేదు. చెయ్యి చూశాను. "టీచరమ్మ నేర్పింది. ఆమెనే అట్ల అనమనింది" అన్నాను.

చర్చి లోపల, అందరి ముందర, నేను చెప్పిన మాట అది. ఆమె ఎన్నడూ మా నోట్లో ఒక్క మాట పెట్టలేదు. ఏమనాలో మాకే వదిలేసి దూరంగా నిలబడేది. టీచరమ్మ నావైపు చూసింది. ఆ చూపులో కోపం కనబడితే నాకు ఇన్నేళ్లూ కొంచెం సులువుగా ఉండేది. కనబడలేదు. కమిటీవైపు తిరిగి, "మీకు కావల్సిన మాట దొరికింది గదప్పా. ఇంగ పాపను కూసోబెట్టండి, కాళ్లు వణుకుతాండాయి" అంది. లేచి, గోడ కింద నుంచి ఆ సత్తు గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఏడు గుడ్ ఫ్రైడేకి పిల్లలకు ప్రార్థన నేర్పింది మా నాయన. ఎవరికీ ఏమీ రాలేదు. టీచరమ్మ ఎమ్మిగనూరులో అక్క ఇంటికి పోయిందని, అక్కడ మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టే పని చేస్తోందని తర్వాత తెలిసింది. ఆదోనిలో ఆ గోడ కూడా మిగల్లేదు. దాన్ని పడగొట్టి కమిటీవాళ్లు రోడ్డువైపు కొట్లు కట్టించారు. మా నాయన పోయాక సమాధి రాయి మీద 'ప్రార్థనాపరుడు' అని చెక్కించారు. చెక్కినవాడికి ఉగ్గాని సంగతి తెలియదు. తెలిసిన నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. కాబట్టి ఇన్ని మాటలంటున్న నేను వాళ్లకంటే గొప్పదాన్నేం కాదు.

తొంభైల్లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఎమ్మిగనూరు బస్టాండులో ఆమె ఎదురుపడింది. తలలో దూదికి బదులు నెరిసిన వెంట్రుకలు. నేను తల తిప్పుకునేలోపే గుర్తుపట్టింది.

"ఏమే, బాగుండావా?"

"బాగుండా టీచరమ్మా. ఆ పొద్దు నేను గుడిలో..."

"అది నాకు సెప్పేది గాదు," అని తుంచేసింది. "గోడకు సెప్పు."

"ఆ గోడ పడగొట్టినారు టీచరమ్మా."

"దేవుని రాజ్యంలో గోడలకేం కరువే?" అని నవ్వి, నా చేతిలో బస్సులో తినమని జామకాయ పెట్టి వెళ్లిపోయింది. గోడలు నాకు చాలా కనబడ్డాయి. ఏ గోడ దగ్గరా నేను ఆగలేదు. చర్చికి పోవడమే మానేశాను.

మొన్న ఆమె జ్ఞాపకార్థ కూడికకు ఎమ్మిగనూరు పోయాను. నేత ఇళ్ల వీధి చివర రేకుల కప్పు చర్చి. బయట ఆదోనివాళ్లు కట్టిన ఫ్లెక్సీ, అందులో ఆమె ఫోటో కంటే అధ్యక్షుడి ఫోటో పెద్దది. లోపల మైకులో అతనే ఆమెకు భక్తి నేర్పినట్టు మాట్లాడుతున్నాడు. వాడి మొహాన నాలుగు మాటలు అనేసి వెనక్కి పోదామనే వచ్చాను.

చర్చి పక్కకు తిరిగి ఆగిపోయాను. పక్క గోడ దగ్గర మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. నడివయసువాళ్లు, మగ్గం పని చేసేవాళ్లు, ఒక బస్సు కండక్టరు, చంకలో బిడ్డతో ఒకామె. ఒక్కొక్కరే గోడ దగ్గరికి పోయి ఏదో చెబుతున్నారు. మిగిలినవాళ్లు దూరంగా, మొహాలు తిప్పుకుని నిలబడ్డారు. గోడ కింద బిందె, బిందె మీద అంచు నొక్కుకుపోయిన సత్తు గ్లాసు.

నేనూ వరసలో నిలబడ్డాను. అధ్యక్షుణ్ని, అతని తండ్రిని, మా నాయనను, సమాధి రాయిని, ఎవర్ని ఏమనాలో అన్నీ సర్దుకున్నాను. నా వంతు వచ్చింది. సున్నపు గోడ ముందర నిలబడితే ఆ మాటల్లో ఒక్కటీ రాలేదు. నా తొమ్మిదో ఏటి మాట వచ్చింది.

"టీచరమ్మ నేర్పలే. నేనే అంటిని. గుడిలో దొంగ మాట సెప్తిని."

నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మాను. కాళ్లు కదల్లేదు, అక్కడే నిలబడి ఏడుస్తున్నాను. వెనకాల బిడ్డను ఎత్తుకున్నామె నా భుజం మీద చెయ్యి వేసింది.

"పో అక్కా లోపలికి. తడి ఆరిపోతాంది."

కిందికి చూశాను. నేల మీద నా నీళ్ల మచ్చ అంచుల నుంచి అప్పుడే తెల్లబడుతోంది. చెప్పులు అక్కడే విడిచాను.