అట్లాస్ కొండల్లో అమ్మమ్మ డబ్బా

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. మేముండే ఫ్రిస్కోలో ఎవరింట్లో తలా ఒక వంట పట్టుకొచ్చే పాట్‌లక్ జరిగినా, బిర్యానీ ట్రే సగానికి రాగానే మా ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టే మొరాకో కథని దయచేసి నమ్మకండి. "ఒక్క స్టీలు డబ్బా కోసం మా ఆవిడ కొండల్లో వ్యాన్‌ని రెండు గంటలు ఆపేసిందండీ. సహారాలో సన్‌సెట్ మిస్ చేయించింది. తీరా ఆ సాయంత్రమే ఆ డబ్బాని తన చేత్తోనే దానం చేసేసింది!" అంటాడు. జనం పడీపడీ నవ్వుతారు. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి కూడా "అమ్మా, డాడీ వెర్షన్ మచ్ ఫన్నియర్" అని తీర్పిచ్చేసింది. ఆయన చెప్పే మూడు సంగతులూ జరిగినవే, కాదనను. కానీ ఎందుకు జరిగాయో మింగేసి ఏం జరిగిందో మాత్రం చెప్పడాన్ని మా ఊళ్ళో కథ అనరు, చాడీ అంటారు.

ఆ రోజుల్లో మేం సన్నీవేల్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరి, ప్రపంచం మొత్తం లాంగ్ వీకెండ్‌లో పట్టేస్తుందని నమ్మేవాళ్ళం. మా ఆయన అప్పటికింకా మా ఆయన కాడు. ఆఫీసులో పక్క టీమువాడు. ఎక్కడికి బయల్దేరినా పావుగంట చొప్పున ఎక్సెల్ షీటు వేసే మనిషి కనక మేమంతా 'ప్లానింగ్ కమిషన్' అనేవాళ్ళం. ఆ షీటు పట్టుకునే అయిదుగురం మొరాకో వెళ్ళాం. అక్కడ మమ్మల్ని తిప్పిన గైడు దేనికైనా "నో ప్రాబ్లమ్" అనేవాడు, అదే పేరు పెట్టేశాం. ("లోకం మమ్మల్ని బెర్బర్లంటుంది, మేం మాత్రం అమాజిగ్‌లమనే చెప్పుకుంటాం" అన్నాడు మొదటిరోజే. కాలేజీలో తెలుగువాళ్ళమని మమ్మల్ని గుల్టీలని వెక్కిరించిన వాళ్ళందరూ గుర్తొచ్చి నాకు వెంటనే అర్థమైపోయింది.)

మొదటి రాత్రి బస అట్లాస్ కొండల్లో ఒక మట్టి ఇంట్లో. ఇంటావిడని నేను వచ్చీరాగానే పెద్దమ్మని చేసేసుకున్నాను. పొద్దున్నే వేడి రొట్టె పెట్టింది. నేను ఊరుకుంటానా, సంచిలోంచి ఆవకాయ డబ్బా తీశాను. మూతమీద చుక్కలు చుక్కలుగా అమ్మమ్మ పేరు కొట్టించిన డబ్బా అది. "ఆవకాయ అయిపోతే పోయింది, డబ్బా మాత్రం భద్రం" అని మరీ మరీ చెప్పి పంపింది అమ్మమ్మ. పెద్దమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముక్క కూడా తీసుకుంది. ఇంకేం, మిగిలిందంతా ఆవిడకే ఇచ్చేశాను.

తొమ్మిదింటికి వ్యాన్ బయట తయారుగా ఉంది. ఎడారికి ఏడెనిమిది గంటల దారి. ఇప్పుడు కదిలితేనే సూర్యాస్తమయం అందుతుంది. డబ్బా ఇచ్చేయమని గైడు చేత అడిగించాను. ఆవిడ ఆవకాయని మట్టిపాత్రలోకి తీసుకుని, డబ్బా కడిగి, తుడిచి, గుండెకి హత్తుకుని, తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

"అయిపోయింది, ఆవిడ కొట్టేసింది. పదండి, సన్నీవేల్‌లో ఇండియన్ స్టోర్‌లో పది కొనిస్తా" అన్నాడు ప్లానింగ్ కమిషన్.

"ఆ పదింటి మీదా మా అమ్మమ్మ పేరుంటుందా?"

అన్నానే గానీ, నాకూ అదే అనుమానం వచ్చింది, ఒప్పుకుంటాను. వెనకే వెళ్ళి వంటింట్లోకి తొంగిచూశాను. పెద్దమ్మ మన తిరగలి లాంటి రాయి ముందు కూర్చుని బాదంపప్పు నూరుతోంది. పక్కన తేనె గిన్నె. పెరట్లో పొయ్యి మళ్ళీ రాజేసి ఉంది.

గైడు సంగతి కనుక్కుని వచ్చాడు. "ఖాళీ డబ్బా ఎలా ఇస్తానంటోంది. ఒక్క గంట. నో ప్రాబ్లమ్."

ఆ మాట వినగానే నా ఇల్లు గుర్తొచ్చింది. మా పక్కింటావిడ పాయసం పోసిచ్చిన గాజుగిన్నె, తిరిగి ఏం పెట్టివ్వాలో తోచక, మూడు నెలలుగా సన్నీవేల్‌లో నా ఫ్రిజ్ మీద కూర్చుని ఉంది. వెళ్ళి వ్యాన్ మెట్టుమీద కూర్చున్నాను. "వెయిట్ చేద్దాం. ఆవిడకి మర్యాద తెలుసు" అన్నాను. ప్లానింగ్ కమిషన్ ఎర్రబడ్డ మొహంతో షీటులో గడులు జరుపుకుంటూ ఉండిపోయాడు. గంట అన్నది రెండైంది. పెద్దమ్మ డబ్బా నిండా తేనె బాదం ముద్ద పెట్టి, దానిమీద వేడి రొట్టెలు పేర్చి, తను స్వయంగా నేసుకున్న గళ్ళ గుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చింది. (ఆ ముద్దలో సగానికి పైగా దారిలో ఎవరు తిన్నారో మా ఆయన కథలో రాదు. గమనించగలరు.)

ఎడారి చేరేసరికి సూర్యుడు లేడు. ఇసుకతిన్నెల మీద కాస్త నారింజరంగు మాత్రం మిగిలింది. మిగతావాళ్ళు నాతో మాటలు మానేశారు. గైడొక్కడే వచ్చి, "వచ్చేవారం మళ్ళీ ఆ ఊరు వెళ్తాను. గుడ్డ ఇస్తే ఆవిడకి చేరుస్తా" అన్నాడు. మడతపెట్టి ఇవ్వబోయి ఆగిపోయాను.

ఖాళీ గుడ్డ ఎలా ఇస్తాను?

సంచిలో మూతి చింపేసిన కందిపొడి ప్యాకెట్ ఒక్కటే మిగిలింది. ఆ మెత్తటి పొడిని ఉత్త గుడ్డలో కడితే కొండదారిలో సగం రాలిపోదూ? దారిలోనే ఖాళీ అయిన డబ్బా కడిగి, పొడి పోసి, మూత బిగించాను. అమ్మమ్మ పేరుని ఒకసారి వేలితో తడిమాను. గళ్ళ గుడ్డలో కట్టి గైడు చేతిలో పెట్టాను.

"రెండు గంటలు ఆగింది దీనికోసమేనా!" ప్లానింగ్ కమిషన్ నెత్తి పట్టుకున్నాడు.

"అప్పుడాగిందీ ఖాళీగా ఇవ్వకూడదనే, ఇప్పుడిచ్చిందీ ఖాళీగా ఇవ్వకూడదనే. ఇందులో మీకు అర్థంకానిదేంటి?"

(ఆ తెలివితక్కువ వాదన విని కూడా ఆయన నన్ను పెళ్ళి చేసుకున్నాడు. కనక తప్పు నాదొక్కదానిదే కాదు.)

తిరిగొచ్చాక భయపడుతూ అమ్మమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, "పోయిందంటావేమిటే? ఇప్పుడు వంతు ఆవిడదన్నమాట" అంది తాపీగా. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "డబ్బా వచ్చిందిటే?" అనేది. రాలేదంటే, "ఏం పెట్టి పంపాలో తోచడం లేదేమోలే, తొందరపెట్టకు" అనేది. అమ్మమ్మ కన్నుమూసే ముందు మాట్లాడిన చివరి ఫోన్‌లో కూడా అదే అడిగింది.

ఇప్పుడు పాట్‌లక్‌లకి అందరం అల్యూమినియం ట్రేలే పట్టుకెళ్తున్నాం. తిరిగివ్వక్కర్లేదు, ఎవరి వంతూ కాదు. సుఖంగానే ఉంది. నాకిప్పుడు దాదాపు ఆనాటి పెద్దమ్మ వయసు. కొండ ఇంట్లో ఏదో అరమీద ఆ డబ్బా ఉండే ఉంటుందని నా నమ్మకం. అది తిరిగి రావాలనేం లేదు. కానీ అంత వాదించిన పిల్లకి ఆ రోజు ఒక్క సంగతి తట్టలేదు, ఇన్నేళ్ళుగా అదే పీకుతోంది. పెద్దమ్మా, అన్నమే వండుకోని ఆ ఇంట్లో ఆ కందిపొడి దేంట్లో కలుపుకుని తిన్నావు?