నాలుగో గడి

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు డిజైన్ పాఠం చెప్పే పని నాది. నోయిడాలోని మా కంపెనీ ఫోన్ యాప్‌ల తెరలు తయారుచేస్తుంది. మొదటిరోజు బోర్డు మీద ఎనిమిది చుక్కలు పెడతాను, రెండేసి దగ్గరదగ్గరగా. ఏం కనిపిస్తోందని అడిగితే ఎనిమిది చుక్కలని ఎవరూ అనరు, నాలుగు జతలంటారు. గెస్టాల్ట్ అంటే ఇంతే, దగ్గరున్నవాటిని కన్ను కలిపేసుకుంటుంది, వాటి చుట్టూ ఒక గీత కూడా గీశామా ఇక విడదీయమన్నా విడదీయదు అని చెబుతాను. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గొప్ప పలికేది. ఇప్పుడు ఆ చుక్కలు పెట్టి, బోర్డు వైపే తిరిగి నిలబడుతున్నాను.

ఢిల్లీలో మా తెలుగు సంఘం చిన్నది. ఆదివారాల్లో ఒక స్కూలు హాల్లో ఆరాధన జరుపుకుంటాం. సగంమంది కోస్తా నుంచి వచ్చిన నర్సులు, వాళ్ల కుటుంబాలు. ఏటా వార్షికోత్సవానికి గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ, చేతికిచ్చే కరపత్రం చూస్తే నాకు ఒళ్లు మండేది. పది రంగులు, ఇరవై ఫొటోలు, ఎవరి పేరు ఎవరి కిందో తెలియదు. పోయినేడు ఆ పని నాకివ్వమని నేనే అడిగాను. ఎలా చేయాలో చూపిద్దామన్న పొగరు ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మన ఫ్లెక్సీల్లో పద్ధతి అందరికీ తెలిసిందే. పాస్టరుగారి పక్కన అమ్మగారు, కార్యదర్శి పక్కన ఆయన భార్య, కోశాధికారి పక్కన ఆయన భార్య. మూడు జంటలకు లేతనీలం రంగులో మూడు గడులు గీశాను. ఇద్దరు మిగిలారు. ఒకరు స్త్రీల సమాజం నడిపే ఆంటీ. రిటైరైన నర్సు, ఎప్పుడో భర్త పోయారు, వైశాలిలో ఒక్కరే ఉంటారు. రెండోవారు పాటల బృందాన్ని నడిపే మాస్టారు. ఆయన భార్య పోయి మూడేళ్లయింది.

ఫొటో పంపినప్పుడే ఆంటీ ఫోన్ చేశారు. "నన్ను పైన పెట్టొద్దమ్మా. కింద మన స్త్రీల సమాజం వరుసలో పడేయ్, చాలు," అన్నారు. సరే ఆంటీ అన్నాను. కానీ ఆవిణ్ణి కిందికి దించితే పైన మాస్టారు ఒంటరిగా మిగిలి, పేజీ ఒక పక్కకు ఒరిగినట్టుంది. నాలుగో గడి గీసి ఇద్దరినీ అందులో కూర్చోబెట్టాను. చక్కగా కుదిరింది. ఎనిమిది మొహాలు, నాలుగు గడులు. నా బోర్డు మీది చుక్కలు కళ్లెదుటే ఉన్నా నాకు తట్టలేదు. ఆడదాన్నై ఉండి కూడా తట్టలేదు.

వార్షికోత్సవానికి ప్రసంగం చేయడానికి వేరే ఊరి నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. ఆయనకు మాలో ఎవరూ తెలియదు. సన్మానం దగ్గరికొచ్చేసరికి చేతిలో నా కరపత్రం పట్టుకుని జంటలను పిలవడం మొదలుపెట్టారు. జంట రాగానే ఇద్దరికీ కలిపి ఒకే శాలువా కప్పుతున్నారు. మూడు జంటలయ్యాక, "నాలుగో దంపతులు కూడా రావాలి," అంటూ ఆంటీ పేరు, మాస్టారి పేరు మైకులో చదివారు.

మాస్టారు అప్పటికే పాటల బృందంతో వేదిక మీదే ఉన్నారు. ఆంటీ సగం లేచి, అలాగే కుర్చీ వీపు పట్టుకుని ఆగిపోయారు. శాలువా విప్పి పట్టుకుని ఆ పెద్దమనిషి నవ్వుతూ ఎదురుచూస్తున్నారు. పాటల బృందంలో ఢిల్లీలోనే పుట్టి పెరిగిన ఒకమ్మాయి, "ఆంటీ, శాదీ కబ్ కర్ లీ?" అని, పెళ్లెప్పుడు చేసుకున్నారన్నట్టు హిందీలో అరిచింది. ఆ వరుసంతా నవ్వింది. వెనక వరుసలూ నవ్వాయి. నలభై ఏళ్లు వార్డుల్లో ఎన్నెన్నో చూసిన మనిషి, కొంగుతో మొహం ఒత్తుకుని కూర్చుండిపోయారు.

ఆ తర్వాత మా పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఇలా ఎలా జరిగిందమ్మా అని అడిగారు. "ప్రింటింగ్ షాపతను మార్చేశాడండీ. నేను ఆంటీని కిందే పెట్టాను," అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అంత సులువుగా అబద్ధం వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

మాస్టారిది ఆంటీ ఇంటికి అవతల పేట. ఏళ్ల తరబడి ఆరాధన అయ్యాక ఆయన కార్లో ఆంటీ, అటువైపు వెళ్లే మరో ఇద్దరు కలిసి వెళ్లేవారు. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆంటీ కారెక్కలేదు. మోకాళ్ల నొప్పితో, రెండుచోట్ల రైలు మారి, మెట్రోలో వెళ్తున్నారు. నన్ను చూస్తే మాత్రం మామూలుగానే, "తిన్నావా?" అని అడిగేవారు. నేనే తప్పించుకు తిరిగాను.

మూడు నెలలు అలా గడిపాక ఇక నా వల్ల కాలేదు. నా గది మునిర్కాలో, పూర్తిగా వేరే దిక్కు. అయినా ఒక ఆదివారం ఆవిడ వెంట వైశాలి రైలెక్కాను. ఆడవాళ్ల పెట్టెలో పక్కపక్కనే సీట్లు దొరికాయి.

"ఆంటీ, ఆ తప్పు షాపతనిది కాదు. నేనే అలా పెట్టాను. మీరు వద్దన్నా పెట్టాను," అన్నాను.

"తెలుసమ్మా."

నాకు అర్థం కాలేదు.

"ఆ మర్నాడే షాపుకెళ్లా, సరిచేసి మళ్లీ వేసిపెట్టు భయ్యా అని. పాపం అతను కంప్యూటర్ తెరిచి, నువ్వు పంపిందే చూపించాడు."

"మరి ఎవరికీ చెప్పలేదేం ఆంటీ?"

"చెప్తే నువ్వు మొహం చెల్లక మానేస్తావ్. వార్షికోత్సవం రోజునే మీ అమ్మ నాకు ఫోన్ చేసింది, మా పిల్ల ఆదివారాలైనా మనుషుల్లో ఉంటోందంటే మీవల్లేనని. ఎలా చెప్పేది?" అన్నారు. తర్వాత సంచిలోంచి చిన్న డబ్బా తీసి చేతిలో పెట్టారు. గోంగూర పచ్చడి. రెండు వారాల నుంచీ నాకోసం మోస్తున్నారట. నేను కనపడితే కదా ఇవ్వడానికి.

నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా కూర్చున్న దీదీలు చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

తర్వాతి ఆదివారం ప్రకటనల సమయంలో లేచి, తప్పు నాదేనని, అబద్ధం చెప్పానని అందరి ముందూ చెప్పాను. మెడలు వంచుకుని విన్నారు. ఆరాధన అయ్యాక మాస్టారు కారు గేటు దగ్గరికి తెచ్చి, "అంతా తేలిపోయింది కదండీ, ఎక్కండి," అని ఆంటీని పిలిచారు. నా గుండె బరువు దిగిపోతుందనుకున్నాను.

"పర్లేదండీ, మీరెళ్లండి అన్నయ్యగారూ," అన్నారు ఆంటీ.

ఇరవై ఏళ్లుగా ఆయనను మాస్టారూ అనే పిలిచిన మనిషి. గేటు దగ్గర నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా, కాస్త గట్టిగా అన్నారు. ఆ మాట విని మాస్టారు తల వంచుకుని కారెక్కారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన పిలుస్తారు, ఆవిడ అంతే గట్టిగా ఆ మాటే అని మెట్రో వైపు నడుస్తారు. సంచి పట్టుకుని వెనక నేను నడుస్తాను.