ముందు యాడ అమ్ముతాంటివి?

పుంగనూరు బైపాస్ దగ్గర బస్సు దిగగానే ఉడకబెట్టిన చెనక్కాయల వాసన తగిలింది. ఉప్పునీళ్ల ఆవిరిలో కొత్త తారు వాసన కూడా కలిసిపోయి ఉంది. చెనక్కాయల వాసన ఎక్కడ తగిలినా నాకు రాజమ్మ మేడమ్ గుర్తుకొస్తారు. ఆమె వెనకాలే భాస్కర్ కూడా గుర్తుకొస్తాడు. అదే నా బాధ.

రాజమ్మ మేడమ్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరై, మదనపల్లెలో ఒక మేడమీద చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. పెద్ద రోడ్డో రిజర్వాయరో కడుతున్నారంటే, దానివల్ల చుట్టుపక్కల జనానికి ఏం ఒరుగుతుందో అంచనా వేయడం మా పని. నేను చేరిన మొదటి రోజే నన్ను పుంగనూరు బస్టాండుకు తీసుకెళ్లారు. చెనక్కాయల బుట్ట ముందు నిలబడి, ఒక పొట్లం కొని, నింపాదిగా వలుచుకుంటూ అమ్మే మనిషిని అడిగారు. "ఈడికి రాకముందు యాడ అమ్ముతాంటివమ్మా?" జవాబు విని నా వైపు తిరిగారు. "కట్టేవోళ్లు వచ్చే లాభం మాత్రమే సెప్తారప్పా. అది కొత్తగా పుట్టిందా, ఇంకో తావు నుంచి జరిగొచ్చిందా అని మనమే అడగాల." ఆమె చదువుకన్నా ఆ నింపాది నాకు నచ్చింది. ఈమె ఒక్కసారి మెచ్చుకుంటే చాలనుకున్నాను.

ఏడాది తిరక్కముందే కుప్పం నుంచి భాస్కర్ వచ్చి చేరాడు. తమిళం, కన్నడం కూడా గడగడా మాట్లాడేవాడు. ఏ ఇంటికి వెళ్లినా అతనికి కాఫీ ఇచ్చేవారు, నాకు మంచినీళ్లు ఇచ్చేవారు. జీపులో ముందు సీటు అంతవరకూ నాది. దారి చెప్పడానికని అది కూడా అతనికే పోయింది. డ్రైవరుది కుప్పమే అయినప్పుడు దారి చెప్పాల్సిన పనేమిటో ఈరోజుకీ నాకు అర్థం కాదు.

పుంగనూరు బైపాస్‌తో కలిపి ఈ నాలుగు వరుసల రోడ్డు అంచనా మా చేతికొచ్చింది అప్పుడే. పుంగనూరు వైపు నేను, కుప్పం వైపు అతను. ఎవరి పని నిలబడితే వాళ్లకే తన తర్వాత ఆఫీసు అప్పజెప్తానన్నారు మేడమ్. అతని వైపు శాంతిపురం దగ్గర రోడ్డు పని అప్పటికే మొదలైంది. అక్కడ వెలిసిన మెస్సుల్నీ, తిరుగుతున్న టిప్పర్లనీ భాస్కర్ లాభం కింద రాసుకొచ్చాడు. మేడమ్ చదివి "బాగుండాదప్పా" అన్నారు. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

మర్నాడే శాంతిపురం పోయాను. నన్నెవరూ పంపలేదు. భాస్కర్ లెక్క తప్పని తేల్చడానికే పోయాను, ఆ హుషారులో ఎండ కూడా తెలియలేదు. మెస్సు నడిపే ఆమె దగ్గర ఇడ్లీలు తిని, మేడమ్ నేర్పిన ప్రశ్నే అడిగాను. "ముందు గ్రానైటు క్వారీ కాడ పెట్టుకోనుంటినప్పా. కూలోళ్లంతా రోడ్డు పనికి వచ్చేసినారు, నేనూ వాళ్ల ఎంబడే వచ్చేస్తిని" అంది. కూలీలూ, టిప్పర్లూ, ఇడ్లీలూ అన్నీ పాతవే. క్వారీకి వెళ్లి చూస్తే ఆమె పొయ్యి ఆరిపోయి ఉంది. ఆ ఆరిన పొయ్యిని చూసి సంతోషపడ్డవాణ్ని ఆ మండలంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

భాస్కర్ ఎదురుగానే మేడమ్‌కు చెప్పాను. ఆమె అంతా విని, "ఆడికి యాల పోయినావు?" అన్నారు.

"పని సరిగ్గా ఉండాలని మేడమ్."

"అబద్దం సెప్పొద్దు. కుళ్లుతో పోయినావు." నేను తల వంచుకున్నాను. "తల ఎత్తప్పా, మంచి పనే జేసినావు. ఒకరికొచ్చిందంటే ఎవురిదో పోయింటాదని సూసే కన్ను నీకుండాది, భాస్కర్‌కు లేదు. కానీ నీకు పోయిందే కనపడతాది. నీ పుంగనూరు లెక్కలో ఒక్క లాభమన్నా ఉండాదా?"

లేదు. బైపాస్ వస్తే బస్టాండు అంగళ్లన్నీ మూతపడతాయనే రాశాను.

భాస్కర్ తన లెక్క దిద్దుకున్నాడు, నాది నిలబడలేదు. ఆఫీసు భాస్కర్‌కే ఇచ్చారు. మేడమ్ పోయాక కూడా అది నాకు మింగుడు పడలేదు. పైగా ఆమె అతనికొక షరతు పెట్టి పోయారు. నేను చదవకుండా ఏ రిపోర్టూ బయటికి పోకూడదట. "అన్నా, ఒక తూరి కుళ్లుకుంటా సదువు" అని ఇప్పటికీ పంపిస్తూనే ఉంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు కూడా బాగుంటుంది, ఏం చేస్తాం. బైపాస్ వచ్చాక పుంగనూరుకు ఏమైందో అతను రాసిన రిపోర్టు ఈరోజు నా సంచిలోనే ఉంది. బస్సులో దారంతా వెతికినా తప్పు దొరకలేదు.

పొట్లం కొని అడిగాను. "ముందు యాడ అమ్ముతాంటివమ్మా?"

"బస్టాండులోనప్పా. బస్సులు ఈడికి మారినాయి, నేనూ వచ్చేస్తిని." ఆమె నవ్వింది. "మొన్న ఒకాయన గూడా ఇదే అడిగిపోయినాడు. కుప్పం ఆయనంట."

భాస్కరే. మేడమ్ ప్రశ్న కూడా నాకన్నా ముందు అతనే వాడేసుకున్నాడు. కాయ వలవబుద్ధి కాలేదు. "మరి ఆడ నీ తావు ఖాళీగా పడుండాదా?" అన్నాను, అవుననాలనే ఆశతో.

"ఖాళీ యాల ఉంటాదప్పా? మా కోడలు పెట్టుకోనుండాది. ఇన్నాళ్లూ ఇంట్లో ఊరికే ఉంటాండె. లారీల బెడద పోయినాక సాయంత్రం ఆడోళ్లు, బిడ్లు బాగా వస్తాండారు."

"ఈ మాట ఆయనకు సెప్పలేదా?"

"ఆయన అడగలేదే."

అది జరిగొచ్చిన బేరం కాదు, కొత్తగా పుట్టింది. భాస్కర్ రిపోర్టులో అది లేదు. తప్పు దొరికింది. కాకపోతే దాన్ని దిద్దితే అతని లెక్కలో లాభమే పెరుగుతుంది. అయినా భాస్కర్‌కు ఫోన్ చేశాను.

"ఏం తీసేయాలన్నా?" అన్నాడు అలవాటుగా.

"తీసేది లేదు," అన్నాను కాయ వలుచుకుంటూ. "కలుపుకో."