పాలబూత్ దాకానే చెప్పు

మా అక్క మొగుడు తాళాలు బాగుచేస్తాడు. తలుపు బిగుసుకుపోయి లోపల చిక్కుకున్నవాళ్ళూ, తాళంచెవి పారేసుకుని బయట నిలబడ్డవాళ్ళూ ఫోన్ చేస్తే, ఇనపసామాను సంచీ భుజాన వేసుకుని స్కూటరెక్కుతాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క చిరునామా కాగితం మీద పెట్టలేదు. "ఎవరింటి గడియ ఎంత నాసిరకమో రాసిపెట్టుకుంటే, ఆ కాగితం దొరికినవాడి పంట పండినట్టే" అంటాడు.

ఊరు పెరిగి వీధులు బావ బుర్రలో పట్టడం మానేశాక, దారి చూపే యాప్ తప్పలేదు. నా మేనకోడలు మూడు చూపించింది.

"ఇది నెలనెలా కట్టాలి నాన్నా. ఇది ఉచితం, ప్రకటనలొస్తాయి. ఇదీ ఉచితమే, మ్యాపు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది."

"ఊరికే ఎందుకిస్తున్నట్టు? మనకేమన్నా చుట్టాలా వాళ్ళు?"

"అయితే డబ్బు కట్టేది తీసుకో బావా" అన్నాను.

"వాడు డబ్బూ పుచ్చుకుంటాడు, కబుర్లూ మోస్తాడు."

నెట్ అక్కర్లేనిదే ఖాయమైంది. అంతలో అది లొకేషన్ అనుమతి అడిగింది.

"ఎందుకట?"

"నువ్వెక్కడున్నావో తెలియకుండా దారెలా చెబుతుంది నాన్నా?"

"నేనడిగింది దారి. నేనెక్కడున్నానో నాకు తెలుసుగా!"

చివరికి అనుమతిచ్చాడు గానీ, ఫోన్‌కి అసలు చిరునామా మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. పక్కనున్న మందుల షాపో, పాలబూతో చెప్పి, అక్కడ దిగి నోటితో దారడుగుతూ వెళ్ళేవాడు.

ఒక మధ్యాహ్నం నేను బావ వెనక స్కూటర్ మీదుండగా ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. వాళ్ళత్తగారు బాత్రూంలో చిక్కుకుపోయింది. బోల్టు తిరగడంలేదు. ఆవిడకి ఉబ్బసం, పీల్చే మందేమో బయట బల్ల మీదుంది.

"ఈ ఒక్కసారికి ఇంటి చిరునామా కొట్టనా బావా?"

"పాలబూత్ దాకానే చెప్పు. ఇంటి వెనకే ఉందట."

పది నిమిషాల్లో పాలబూత్ ముందు ఆగాం. గమ్యం చేరారంటూ ఫోన్ తియ్యగా పలికింది. బూత్ వెనక నిలువెత్తు గోడ. గోడ అవతల మేడమీద బాల్కనీలో టీచరమ్మ తువ్వాలు ఊపుతోంది.

"ఇటెందుకొచ్చారండీ? గేటు అటువైపు! చుట్టూ తిరిగి రావాలంటే ఇరవై నిమిషాలు! అత్తయ్యకి మాట కూడా రావట్లేదు!"

బావ మొహం పాలిపోయింది. "బామ్మర్దీ, వంగు" అన్నాడు. వంగాను. నా వీపెక్కి గోడ దూకాడు. నేను ఖాళీ పాలట్రేలు పేర్చుకుని ఎక్కి చూసేసరికి వాచ్‌మన్ బావ చొక్కా పట్టుకుని ఉన్నాడు. సంచీలోంచి కొక్కేలు, తీగలు, దొంగతాళాలు నేలమీద పరుచుకున్నాయి.

"పట్టపగలే! ఎవరింటికిరా?"

అలవాటు చెడ్డది. "పాలబూత్‌కి" అన్నాడు బావ.

"పాలబూత్ గోడకి అవతలుంది. నువ్వు ఇవతలకి దూకావు!"

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. పైనుంచి టీచరమ్మ "వదలవయ్యా, తాళాలాయన!" అని అరిచేదాకా వాచ్‌మన్ పట్టు సడలలేదు. బావ చేతికందిన నాలుగు తీగలు ఏరుకుని మెట్లవైపు పరుగెత్తాడు.

నేను స్కూటర్ మీద చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పెద్దావిడ కుర్చీలో కూర్చుని మందు పీలుస్తోంది. పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి. బావ రెండు నిమిషాల్లో తలుపు తీశాడట. ఆవిడ ఊపిరి కూడదీసుకుని బావని ఎగాదిగా చూసింది.

"ఇంత తేలిగ్గా తీశావే! మా ఇల్లు ఎక్కడా రాసుకోలేదు కదా?"

"లేదమ్మా" అన్నాడు బావ. ఎప్పుడూ గర్వంగా చెప్పే మాట, ఆరోజు తలొంచుకుని చెప్పాడు.

వారం తర్వాత ఇంకో ఫోనొచ్చింది. బావ తన ఫోన్ నా చేతికిచ్చి, "ఇంటి నంబరుతో సహా కొట్టు" అన్నాడు. పని ముగిశాక కూతురికి ఫోన్ చేసి, ఆ చిరునామా ఎలా తుడిచెయ్యాలో కనుక్కుని మూడుసార్లు తుడిచాడు. స్కూటర్ స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు.

"తుడిచేసిన సంగతి ఇదెక్కడైనా రాసిపెట్టుకుంటుందేమో, అమ్మాయిని మెల్లగా కనుక్కో బామ్మర్దీ. ఫోన్‌లో మాత్రం అడక్కు."