నా పెద్ద తెర పాండిత్యం

నిండు సభలో మైకు పట్టుకొని, చిరునవ్వుతో, తన పరువును తానే తగలబెట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఆ ఘనకార్యం కుప్పంలో ఒక సెమినార్ హాల్లో, పట్టపగలు, ఫ్యాన్ల కింద జరిగింది. నన్నెవరూ తోయలేదు. హుషారుగా నడుచుకుంటూ వెళ్లి నేనే పడ్డాను.

నేను మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. కుప్పం యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాను. మా ప్రాంతపు రైతులు పశువుల రంగులకు ఏయే మాటలు వాడతారన్నది నా పరిశోధన. కర్రావు, పుల్లావు, మైలావు, బొల్లావు. నల్లటిది, గోధుమ ఎరుపుది, మాసిన తెలుపుది, మచ్చలది. నవ్వకండి. ఆవు రంగు మీద కూడా డాక్టరేట్ ఇస్తారు, కుదురుగా చదివితే.

ఆ చదవడం దగ్గరే చిక్కొచ్చింది. పాత వ్యాసాలన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. పేజీకి రెండు వరుసలు. ఫోన్లో పెద్దవి చేస్తే వరుస సగమే కనిపిస్తుంది, చిన్నవి చేస్తే అక్షరాలు చీమలబారు. వేలితో పేజీని కుడికీ ఎడమకీ జరుపుతూ, దాంతోపాటు తలనూ జరుపుతూ చదివేవాణ్ణి. చదవనప్పుడు కూడా తల ఊపడం అలవాటైపోయింది. ఒకరోజు క్లాసులో ఒకమ్మాయి అడగనే అడిగింది. "సార్, నేనేం చెప్పినా యాల తల అడ్డంగా ఊపతాండారు?"

ఇక లాభం లేదు, పెద్ద తెర ఉన్న ఇ-రీడర్ కొనాల్సిందే అనుకున్నాను. కాగితంలా కనిపిస్తుందట, కళ్లు మండవట. ఆ క్షణం నుంచి వ్యాసాలు చదవడం మానేసి, వ్యాసాలు చదివే యంత్రాల గురించి చదవడం మొదలుపెట్టాను. అదే ఫోన్లో. తల అడ్డంగా ఊపుతూనే.

నా భార్య సరోజిని మిషన్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే నన్ను పలకరించడం మానేసి, ఇంకా కొనని నా తెరను పలకరించేది.

"ఇంగా తేల్లేదా మీ తెర?"

"తేలతాండాది సరోజినీ. పెద్దదా, మరీ పెద్దదా అని సూస్తాండా."

"డాక్టరు పరీక్షలు రాస్తానే ఉండాడు, రోగి లేసి ఇంటికి పోయినాడు. అట్లుండాది మీ యవ్వారం."

నేను పట్టించుకోలేదు. కుక్కరు వచ్చిన అట్టపెట్టెను కోసి, అమ్మేవాళ్లు చెప్పిన కొలతల్లో రెండు అట్టలు తయారుచేశాను. చేతిలో ఏది ఒదుగుతుందో, ఏది బరువో తేల్చుకోవాలి కదా! రైతులతో మాట్లాడటానికి పుంగనూరు వెళ్తూ, బస్సులో ఒక అట్టను ఒళ్లో నిలబెట్టి, గంభీరంగా దానివైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడప్పుడూ పేజీ తిప్పినట్టు వేలు కూడా కదిపాను. పక్కసీట్లో ఖాళీ పాలక్యాను పెట్టుకొని ఒక పెద్దమ్మ కూర్చుంది.

"ఏం సదవతాండావప్పా?"

"ఏం లేదమ్మా, సైజు సూస్తాండా."

"దాంట్లో అచ్చరం ముక్క లేదు గదప్పా!"

"ఇంగా కొనలేదమ్మా. కొన్నాక వస్తాయి."

పెద్దమ్మ నా ముఖంలోకి జాలిగా చూసి, క్యాను తీసుకొని ముందు సీటుకు మారిపోయింది. అక్కడ ఏం చెప్పిందో తెలియదు గానీ, పుంగనూరులో దిగేటప్పుడు కండక్టరు నా మోచెయ్యి పట్టుకొని జాగ్రత్తగా మెట్లు దింపాడు.

చివరికి మరీ పెద్దదే తెప్పించాను. చాటంత ఉంది. కాలేజీకి తీసుకెళ్లి బల్ల మీద పెట్టగానే ఫిజిక్స్ చెప్పే రెడ్డెప్ప అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, దీంట్లో రంగులు రావే?"

"రంగులు సినిమాలు చూసేవాళ్లకి రెడ్డెప్పా. పండితుడికి నలుపూ తెలుపూ చాలు."

ఈ మాట కళ్లు సగం మూసి, గడ్డం పైకెత్తి అన్నాను. ఆ భంగిమ తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

అంతలో కుప్పం నుంచి మా గైడు విజయలక్ష్మి మేడమ్ ఫోన్ చేశారు. "ఈసారి సెమినార్‌కు మునిరత్నంగారు వస్తున్నారు. ఆయన సరేనంటేనే మీ పని ముందుకు సాగుతుంది. ఆయన వ్యాసం బాగా చదువుకొని రండి."

మునిరత్నంగారు రిటైరైన ఆచార్యులు. మాండలికాల్లో అందెవేసిన చెయ్యి. ఆయన వ్యాసాన్ని నా కొత్త తెర మీద తెరిచాను. ఆహా! పేజీ మొత్తం ఒకేసారి కనబడింది. మెడ కదలలేదు. పశువుల రంగుల మాటలు కన్నడం వైపు ఒకరకంగా, తమిళం వైపు ఒకరకంగా, నడుమ ఇంకో రకంగా ఉన్నాయని ఆయన రాశారు. కింద ఒక పటం వేశారు. చూద్దును కదా, పెద్దతిప్పసముద్రం, పుంగనూరు, కుప్పం అన్నీ ఒకటే బూడిద రంగు! పక్కన సూచికలో మూడు గళ్లుంటే మూడూ బూడిదే!

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆనందంతో అన్నం సయించలేదు. అంతటి పెద్దాయన తప్పు నాకు దొరికింది! ఫోన్లో ఒకసారి తెరిచి చూసుకుందామన్న ఆలోచన రాలేదు. ఫోన్లో చదివే స్థాయి దాటిపోయాను కదా.

సెమినార్ రోజు మొదటి వరుసలో మునిరత్నంగారు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఆచార్యులవారు మూడు ప్రాంతాలున్నాయని రాశారు. పటంలో మాత్రం అంతా ఒకటే రంగు. కాబట్టి ఈ వాదానికి ఆధారం లేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

ఆయన కోప్పడలేదు. వింతగా చూశారు. "ఒకటే రంగా నాయనా?"

"అవును సార్. బూడిద రంగు."

"బూడిదా! యాడ సూసినావప్పా?"

నేను ఇ-రీడర్‌ను రెండు చేతులతో తలకన్నా ఎత్తుకు ఎత్తి, హాలంతటికీ తిప్పి చూపించాను. తెర పెద్దది కావడంతో చిట్టచివరి వరుసవాళ్లకి కూడా నా తెలివి స్పష్టంగా కనబడింది.

మేడమ్ తన లాప్‌టాప్‌లో అదే పటం తెరిచి ప్రొజెక్టరుతో గోడ మీద వేశారు. లేత ఎరుపు, లేత పచ్చ, లేత పసుపు. హోలీ ఆడిన చొక్కాలా వెలిగిపోయింది గోడ.

అప్పుడు వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అడిగారు. "సార్ పరిశోధన దేనిమీద?"

"రంగుల మీద," అన్నారు మేడమ్, నుదురు పట్టుకొని.

ఆ తర్వాత లేచిన నవ్వు నేను వర్ణించలేను. నేను కూడా నవ్వాను. ఏడిస్తే బాగుండదని.

భోజనాల దగ్గర పులిహోర ప్లేటుతో ఒక స్తంభం వెనక నిలబడి, ఈ పీహెచ్‌డీ ఎలా మానుకోవాలా అని ఆలోచిస్తుంటే మునిరత్నంగారు వెతుక్కుంటూ వచ్చారు.

"ఏదీ, ఆ పలక ఒకతూరి ఇయ్యప్పా."

ఇచ్చాను. అద్దాలు పెట్టుకున్నారు, తీశారు. "కంటికి సల్లగా ఉండాదే! నాకు ఈ మజ్జ కంప్యూటర్లో సదివితే నీళ్లు కారతాండాయి. నా పటం తియ్యి, సూస్తాను."

తీశాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశారు. తర్వాత మేడమ్‌ను పిలిచారు.

"ఏమమ్మా, ఈయన పని ముందుకు పోనీండి. సూసింది సూసినట్టు సెప్పినాడు. దీంట్లో సూస్తే నేను రాసిందే తప్పు!"

అలా నేను గట్టెక్కాను. అందుచేత మిమ్మల్నందరినీ సాక్షులుగా పెట్టుకొని, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెద్దమనిషి పటంలో తప్పు కనబడినా, ముందు నా తెరను అనుమానిస్తాను. తర్వాత నా కళ్లను అనుమానిస్తాను. ఆ తర్వాత సరోజినికి చూపించి అడుగుతాను. ఆమె కూడా అది తప్పేనని తేల్చి చెబితే, అప్పుడు కూడా నోరు మూసుకొని కూర్చుంటాను.