మగవాళ్ళ వైపు కూలర్లు

మొన్న మా బావమరిది తన పెళ్ళిలో "అవును" అని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. పెళ్ళికూతురికి అనుమానమొచ్చి కాదు. తప్పంతా నాదే. చెప్తాను, నవ్వకుండా వినండి.

నేను శ్రీకాకుళంలో కరెంటు సబ్‌స్టేషన్లలో రిలేలు టెస్ట్ చేస్తానని మీకు తెలుసు కదా! రిలే అంటే కాపలా డబ్బా. కరెంటు తేడాగా పారిందంటే, సామాను కాలిపోకముందే కట్ చేసేస్తుంది. మా అత్తగారి దృష్టిలో మాత్రం నేను బల్బులు మార్చేవాణ్ణి. ఆవిడ మిషన్ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యారు. ఏడేళ్ళలో నా ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

పెళ్ళి నౌపడ దగ్గర మా అత్తగారి ఊళ్ళో, చర్చి ముందు షామియానాలో. మే నెల, పగలు పదకొండు గంటలకి. సరిగ్గా ఆ రోజే లైను మరమ్మతులని సాయంత్రం దాకా కరెంటు కోత. జనరేటరు అద్దెకి తెచ్చాం. అప్పుడు అడిగారు అత్తగారు, "కరెంటు సంగతేటి అల్లుడుగారూ?" అని. "ఒక్క నిమిషం కూడా పోదండీ. నాదీ పూచీ!" అన్నాను. అక్కడితో ఆగుండాల్సింది.

జనరేటరుకి మూడు ఫేజులుంటాయి. మూడింటి మీదా లోడు ఇంచుమించు సమానంగా పడాలి. ఒకదాని మీద ఎక్కువ, ఒకదాని మీద తక్కువ పడితే లోపల తిరిగే రోటరు వేడెక్కి పాడైపోతుంది. అందుకని ఆ తేడాని కనిపెట్టే రిలే ఒకటి పట్టుకెళ్ళి బిగించాను. రంగు పెన్నులతో డ్రాయింగు కూడా గీశాను. ఆడవాళ్ళ వైపు జంబో కూలర్లన్నీ ఎర్ర ఫేజు. మగవాళ్ళ వైపు కూలర్లన్నీ పసుపు. స్టేజీ, మైకులు, వంటల దగ్గర ఫ్యాన్లు నీలం. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

జనరేటరు ఆపరేటరు అప్పన్న ఆ డ్రాయింగు చూసి తల గోక్కున్నాడు.

"సారూ, మేమైతే ఆడోల్ల కాడ కొన్ని, మగోల్ల కాడ కొన్ని, అన్ని ఫేజుల్లోనూ కలిపేస్తాం."

"అది పద్ధతి కాదు అప్పన్నా."

"మరి ఈ డబ్బా ఏటండి? ఇరవయ్యేళ్ళుగా తిప్పుతన్నాను, డబ్బా నేకండానే."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకే చిరాగ్గా ఉంది.

అక్కడి చర్చి సంఘంలో ఆడవాళ్ళు ఎడమ వైపు, మగవాళ్ళు కుడి వైపు కూర్చుంటారు. అటు నూటయాభై కుర్చీలు, ఇటు నూటయాభై. నా లెక్క ప్రకారం బ్రహ్మాండంగా సరిపోయింది. నేను లెక్కలో వేసుకోనిది ఒక్కటే. మగవాళ్ళు కూర్చోరు. అందరూ బయట టీ డ్రమ్ము దగ్గర నిలబడి రొయ్యల రేటు మాట్లాడుకుంటారు.

పెళ్ళికూతురు లోపలికి అడుగు పెట్టింది. కోయిర్ పాట అందుకుంది. టప్! కీబోర్డు, కూలర్లు, మైకు, అన్నీ పోయాయి. రిలే కట్ చేసింది. ఏదో లూజు కనెక్షనై ఉంటుందని అన్నీ బిగించి రీసెట్ చేశాను. పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టారు. టప్!

ఈసారి మీటరు పెట్టి చూశాను. పసుపు ఫేజులో కరెంటే లేదు! మగవాళ్ళ వైపు పరిగెత్తాను. అక్కడ సంఘ పెద్ద యోహాను తాత ఒక్కడే ఉన్నాడు, స్విచ్ బోర్డు పక్కన కుర్చీ వేసుకుని. కూలర్లన్నీ ఆపేసి ఉన్నాయి.

"తాతా, ఎందుకు ఆపావు?"

"ఎవులూ నేని కాడ కూలర్లెందుకు బావూ? కాళీ కుర్సీలకి సెమటడతాదేటి?"

"ఎవరు ఆపమన్నారు?"

"నువ్వే గదా! కిస్మస్‌కి మైకట్టుకుని సెప్పినావు, కరెంటు దుబారా సెయ్యకూడదని. ఆ రోజు కాన్నుంచీ నేను ఒక్క లైటు ఊరకే ఎలగనివ్వట్లేదు."

కూలర్లు వేసి, దండం పెట్టి, వాటిని ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను. తాత తలూపాడు. నేను రీసెట్ చేశాను. ప్రమాణాలు మొదలయ్యాయి. "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడిగారు పాస్టరు గారు. మావాడు నోరు తెరిచాడు. తాత స్విచ్చులు ఆపాడు. టప్!

మావాడి పెదాలు కదిలాయి. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. స్టేజీ మీద కూర్చున్న పెళ్ళికూతురి తండ్రి లేచి నిలబడ్డాడు. చెమటతో అమ్మాయి ముసుగు మొహానికి అతుక్కుపోయింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు నేను చెప్పను.

అత్తగారు నేరుగా జనరేటరు దగ్గరికొచ్చారు. "ఏటయ్యింది అల్లుడుగారూ? ఒక్క ముక్కలో సెప్పండి."

"అంటే అత్తయ్యా, నెగటివ్ సీక్వెన్సు కరెంటని..."

"అప్పన్నా, నువ్వు సెప్పు."

"మగోల్ల యేపు బరువు నేదమ్మా. అంతే."

అత్తగారు వెనక్కి తిరిగి వార్డులో పేషెంట్లకి చెప్పినట్టు చెప్పారు. "ఇటు సగం మంది లెగండి. అటెల్లి కూకోండి."

ఆ చర్చి పుట్టాక ఆడవాళ్ళు అటు కూర్చున్నది లేదు. ఒక్క క్షణం అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత బిలబిలమంటూ వెళ్ళి కూర్చున్నారు. మొదటి కూలర్ ఎదురుగా యోహాను తాత భార్య. తాత గబగబా స్విచ్చులన్నీ వేశాడు. తమ కుర్చీలు పోయాయని తెలిసి బయట మగవాళ్ళు లోపలికి దూసుకొచ్చి, ఎడమ వైపు ఖాళీల్లో సర్దుకున్నారు. రీసెట్ చేసి మీటరు చూశాను. మూడు ఫేజులూ సమానం! డ్రాయింగులో కూడా అంత బాగా రాలేదు.

మైకులో వినబడని ప్రమాణం చెల్లదని పాస్టరు గారు తేల్చారు. మావాడు రెండోసారి "అవును" అన్నాడు, గట్టిగా.

చివర్న పాస్టరు గారు ప్రార్థన చేశారు. వధూవరుల్ని దీవించమన్నారు. వెలుగిచ్చిన అప్పన్న కోసం, జ్ఞానమిచ్చిన అత్తగారి కోసం స్తోత్రాలు చెల్లించారు. ఆగి, ఊపిరి తీసుకుని, "ప్రభువా, మా ఊరి అల్లుడుగారి ఉద్యోగాన్ని కాపాడు తండ్రీ" అన్నారు.

"ఆమెన్!" అంటూ షామియానా అదిరిపోయింది. ఎడమ వైపు నుంచి, కుడి వైపు నుంచి, స్టేజీ మీద నుంచి, మూడు వైపులా సరిసమానంగా వచ్చింది. మీటరు పెట్టి చూడక్కర్లేకపోయింది.