దొరగారి కిల్టుకు వేసిన కుట్టు

మొన్న మా తమ్ముడి కూతురి రిసెప్షన్‌కు పెళ్ళికొడుకు స్నేహితుడొకడు స్కాట్లండ్ నుంచి వచ్చాడు. పైన కోటు, టై, కాళ్ళకు మోకాళ్ళ దాకా ఊలు మేజోళ్ళు, నడుమున మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళ గళ్ళ కిల్టు. భోజనాల దగ్గర మా అక్క మొగుడు, అంటే మా బావ, పంక్తి అంతటికీ వినపడేలా "ఏం బామ్మర్దీ, నీ గిరాకి వచ్చిండు సూడు! ఆ లంగాకు నాడా ఎక్కియ్యి పో" అన్నాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. దర్జీపని చేసి బతికిన నన్ను లంగాల పేరు పెట్టి ఎగతాళి చేసినవాళ్ళు ఎవరెవరో, ఎక్కడ, ఎవరి ముందు అన్నారో వరుసగా చెప్పగలను. బావ ఆ వరుసలో కొత్తవాడేమీ కాదు. అది లంగా కాదనీ, మగవాళ్ళు కట్టుకునేదేననీ, ఆ మాటమీదే ఒకప్పుడు నా కొలువు నిలిచిందనీ ఆ గోలలో ఎవరికి చెప్పను? అందుకని నా వయసువాళ్ళయిన మీతో చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో దర్జీల్లో ఎంత తేడా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. కోటూ ప్యాంటూ కత్తిరించేవాణ్ణి మాస్టరు అనేవారు, నిలబడి పలకరించేవారు. లంగాలు, జాకెట్లు కుట్టేవాణ్ణి లేడీస్ టైలరని మూలకు కూర్చోబెట్టేవారు. మెట్‌పల్లిలో మా మేనమామ దుకాణంలో నేను ఏళ్ళ తరబడి లంగాలకు అంచులు మడిచాను. ఇవాళ కాదు రేపు కటింగ్ బల్ల దగ్గరికి రానిస్తానని ఆశపెట్టి ఆయన చివరికి తన కొడుకును అక్కడ నిలబెట్టాడు. ఆయన పోయి చాలా కాలమైంది, అయినా ఈ మాట రాయకుండా ముందుకు పోలేను. ఆ కసితోనే సౌదీలోని ధహ్రాన్‌లో విదేశీ ఉద్యోగులుండే ఒక పెద్ద కాంపౌండులోని దర్జీ దుకాణానికి వీసా సంపాదించుకొని వెళ్ళాను. అక్కడి మాస్టరు పాకిస్తాన్‌లోని ముల్తాన్‌వాడు. ఇండియాలో ఏం కుట్టేవాడివని అడిగితే ఉన్నమాట చెప్పాను, ఆ పూటనుంచే నా పేరు పోయి ఘాగ్రా, అంటే లంగా, అయింది. ఆడవాళ్ళ బట్టలు, పరదాలు, దుప్పట్లు, వంటవాళ్ళ ఏప్రన్లు నావి, మగవాళ్ళ బట్టలన్నీ ఆయనవి.

కువైట్ ఇరాక్ చేతికి పోయిందన్న వార్త వచ్చి కొన్ని నెలలు గడిచేసరికి యుద్ధం తప్పదని కాంపౌండులో అందరికీ అర్థమైపోయింది. మాస్టరు సెలవు పెట్టి ముల్తాన్ వెళ్ళిపోయాడు. తెల్లవాళ్ళ కుటుంబాలన్నీ విమానాలెక్కాయి. ఇప్పటికైనా పెద్ద కటింగ్ బల్ల నాదవుతుందనుకుంటే, మేము మిస్రీ అని పిలుచుకొనే ఈజిప్టు మేనేజరు, మాస్టరు తిరిగొచ్చేదాకా జెంట్స్ బట్ట ముట్టుకోవద్దన్నాడు. ఆడవాళ్ళేమో ఊళ్ళోనే లేరు. రాత్రిళ్ళు వెలుతురు విమానాలకు కనపడకుండా కిటికీలకు నల్లగుడ్డ పరదాలు కుడుతూ కూర్చున్నాను, కుడుతున్నంతసేపూ ఒకటే బెంగ: ఇవి అయిపోతే నాకు పనిలేదు, పనిలేనివాణ్ణి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తారు, మళ్ళీ మేనమామ దుకాణంలో ఆ మూలే గతి. యుద్ధం కంటే నాకు ఆ మూలంటేనే భయం.

డిసెంబరు చివర్లో ఒకరోజు స్కాట్లండ్ ఇంజనీరు దొర ఒక పాత కిల్టు పట్టుకొచ్చాడు. అది ఆయన తండ్రిదట. నడుము దగ్గరి తోలుపట్టీలు తెగాయి, మార్చాలి, కొత్త సంవత్సరం విందుకు కట్టుకోవాలి. కాంపౌండులో మిగిలిన ఆయన దేశస్థులు కొద్దిమందే, భార్యాపిల్లలు పక్కన లేని పండుగ, అందుకని ఆ బట్ట ఆయనకు మరీ ముఖ్యమైపోయింది. దొర అటు తిరగ్గానే మిస్రీ ఆ కుచ్చిళ్ళనూ గళ్ళనూ అటూ ఇటూ తిప్పిచూసి, "హాదా లేడీస్! ఘాగ్రా కో దో!" అని, అంటే ఇది ఆడవాళ్ళది, ఘాగ్రాకివ్వండని, నా ఒళ్ళో పడేశాడు. పని దొరికినందుకు సంతోషించాలో, ఆ పిలుపుకు ఏడవాలో తెలియలేదు.

పట్టీలు మార్చాను. తరవాత చూద్దును కదా, కుడిపక్కన పైనుంచి కిందిదాకా విడిపోయి ఉంది. కుట్టు పాతబడి ఊడిందనుకున్నాను. దొర చూసుకోలేదు పాపమని, అడక్కుండానే పట్టీలు బిగించి, ఆ పై అంచును కింది గుడ్డతో కలిపి, గడికి గడి, గీతకు గీత తప్పకుండా రెండుసార్లు కుట్టేశాను. మీరేమన్నా అనండి, తెరిచి ఉన్న అంచు ఏ దర్జీ కంటికైనా చినుగులాగే కనిపిస్తుంది. ముందే చెప్పవలసింది ఆయన.

విందు రోజు సాయంత్రం, దుకాణం మూయబోతూ నేను లుంగీలోకి మారిన వేళ, దొర వచ్చాడు. పైన నల్లకోటు, కింద మేజోళ్ళు, మధ్యలో స్నానాల తువ్వాలు. కిల్టు చేతిలో ఉంది. కాళ్ళ నుంచి ఎక్కిస్తే తొడల దగ్గర, తలమీదుగా వేస్తే భుజాల దగ్గర ఆగిపోయిందట. వెనకే మిస్రీ పరుగెత్తుకొచ్చాడు. "ఖురూజ్! బుక్రా ఖురూజ్!" అని అరుస్తున్నాడు, అంటే రేపే నాకు ఎగ్జిట్. నా నోరు ఆగలేదు.

"సార్, ఫుల్ చినిగింది! ఐ స్టిచ్, డబుల్ స్టిచ్!"

దొర ఆ కుట్టును దీపం కిందికి తెచ్చి వేలితో తడిమాడు. గళ్ళు ఎక్కడ కలిశాయో వెతికి వెతికి కనిపెట్టలేక నవ్వడం మొదలుపెట్టాడు. నా లుంగీ విడి అంచు చూపించి "ఓపెన్, మై ఫ్రెండ్. దిస్ ఆల్సో ఓపెన్" అన్నాడు. తన తండ్రి లావుపాటి మనిషనీ, తను సన్నమనీ, ఇద్దరికీ సరిపోయేది ఆ పక్క తెరిచి ఉన్నందువల్లేననీ చేతులతో చూపించి చెప్పాడు. మిస్రీ ఇంకా అరుస్తూనే ఉంటే, అతనివైపు తిరిగి దీన్ని ఎవరికిచ్చావని అడిగాడు. లేడీస్ టైలరుకని మిస్రీ అన్నాడు. ఇది ఆడవాళ్ళదా అని దొర అడిగాడు. ఆ తువ్వాలుతో, ఆ మీసాలతో నిలబడ్డ మనిషి ముఖం చూసి మిస్రీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "మా తాత కట్టుకున్నాడు, మా నాన్న కట్టుకున్నాడు, ఇది మగవాళ్ళ బట్ట, కాబట్టి దీన్ని కుట్టినవాడు జెంట్స్ టైలరు, ఇకముందు నా బట్టలన్నీ ఇతనే కుడతాడు" అని దొర తేల్చేశాడు. నేను కుట్టు విప్పుతున్నంతసేపూ ఆ తువ్వాలుతోనే, విందుకు ఆలస్యమవుతున్నా, స్టూలుమీద కూర్చొని మా ఇంటి సంగతులు అడిగాడు. మా మేనమామ ఒక్కసారి కూడా అడగలేదు.

కట్టుకొని బయలుదేరితే గేటు దాకా నేనూ వెళ్ళాను. ఎవరైనా నవ్వుతారేమోనని భయం. అక్కడ కాపలా ఉండే ముసలాయన సౌదీకి దక్షిణాన జీజాన్ వైపువాడు, ఆయనా నడుముకు గళ్ళగుడ్డ చుట్టుకొనేవాడే. దొరను ఎగాదిగా చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "ఏ కబీలా?" ఏ తెగవాడివని. దొర తన వంశం పేరు చెప్పాడు. ముసలాయన గుండెమీద చెయ్యి వేసుకొని దారి ఇచ్చాడు. అది ఎవరు కట్టుకోవచ్చన్న దానిమీద అంత చక్కటి మాట నేను మళ్ళీ వినలేదు.

యుద్ధం వచ్చింది, సైరన్లు మోగాయి, పోయింది. పెద్ద బల్ల దగ్గర నేనే ఉన్నాను. మాస్టరు ముల్తాన్ నుంచి తిరిగొచ్చాక మిస్రీ మా ఇద్దరి మధ్య బల్లను సగం చేశాడు. ఆరోజు అరిచినందుకు పొరపాటైందని ఒక్క మాటైనా అనలేదు, అది నేను మరిచిపోలేదు. దొర బదిలీ అయి వెళ్ళేముందు పట్టీలకు మరో రంధ్రం వేయించుకోవడానికి కిల్టు తెచ్చాడు. నాకంటూ ఏమీ అడగని నేను, ఎందుకో ధైర్యం చేసి, నేను కట్టుకోవచ్చా సార్ అని అడిగాను. ఆయనే నా నడుముకు చుట్టి, పట్టీ బిగించాడు. నా బక్క నడుముకు ఆ గుడ్డ ఇంకో జానెడు ఎక్కువే తిరిగింది, కాని నిలిచింది. అద్దంలో చూసుకున్నాను. మాస్టరు చూశాడు, మిస్రీ చూశాడు. ఘాగ్రా అని ఎవరూ అనలేదు.

ఆ దొర ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. నాకు కోపాలు చాలానే ఉన్నాయి, కాని ఆయన్ను తలచుకుంటే మాత్రం దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. ఆయన చెప్పిన సంగతి నా చేతికి అంటుకుపోయింది. తరవాత నేను కుట్టిన ప్రతి ప్యాంటుకూ నడుము దగ్గర, లోపలివైపు, రెండు వేళ్ళ గుడ్డ వదిలాను. మనిషి లావైతే విప్పుకుంటాడు, కొడుకు ఎదిగితే వాడికి సరిచేయించుకుంటారు అని. మన తరంలో అందరూ అలాగే వదిలేవారు. ఈమధ్య మనవడి రెడీమేడ్ ప్యాంటు తిరగేసి చూశాను. కుట్టు అంచు దాకా గుడ్డను నున్నగా కోసేశారు. రేపు పెరగబోయే మనిషికి గాని, ఆ తరవాత రాబోయే మనిషికి గాని అందులో చోటు వదలలేదు.